చేతిసంచిలో డ్రాయింగ్ ఆఫీసు: మొబైల్ వర్క్‌స్టేషన్ ఎంపిక, పోషణ

ఉక్కు కర్మాగారం అనగానే మన కళ్లకు కట్టేది బ్లాస్ట్ ఫర్నేసు ఎర్రని వెలుగు, రోలింగ్ మిల్లు గర్జన. కాని ఆ ఉక్కు ఒక యంత్రభాగంగానో, క్రేను గర్డరుగానో రూపొందడానికి ముందు ఒక గీతగా జన్మించవలసిందే. ఆ గీత గీసే సాధనం మారినప్పుడల్లా ఇంజనీరు పనితీరు మారుతూ వచ్చింది. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం ఫలితంగా భిలాయి కర్మాగారం వెలసింది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ రోజుల్లో డ్రాయింగ్ ఆఫీసు అంటే బల్లలు, టీ స్క్వేర్లు, ట్రేసింగ్ కాగితం, అమ్మోనియా వాసన. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుండి పొట్ట చేతబట్టుకొని ఇక్కడికి వచ్చిన తెలుగువారి రెండవ, మూడవ తరాల పిల్లలు నేడు అదే పనిని ఒడిలో పట్టే యంత్రంపై చేస్తున్నారు.

భిలాయి అంచున ఉన్న హథ్‌ఖోజ్ భారీ పారిశ్రామిక ప్రాంతం ఇందుకు చక్కని ఉదాహరణ. అక్కడి ఫ్యాబ్రికేషన్ షాపులలో, మెషిన్ షాపులలో డిజైను ఒకచోట, తయారీ ఒకచోట, అమరిక మరొకచోట జరుగుతాయి. షట్‌డౌన్ గంటలలో లెక్కించుకోవలసిన పని. పాత యంత్రభాగం కొలతలు డ్రాయింగుతో సరిపడనప్పుడు, ఆఫీసుకు వెళ్లి సరిచేసుకొని వద్దామంటే ఒక పూట గడచిపోతుంది. అక్కడికక్కడే త్రిమితీయ నమూనాను తెరిచి, కొత్త కొలత పెట్టి, బలాన్ని పరీక్షించి చెప్పగల యంత్రం చేతిలో ఉంటే ఆ పూట మిగులుతుంది. అటువంటి యంత్రాన్నే మొబైల్ వర్క్‌స్టేషన్ అంటున్నారు. దానిని ఎవరు కొనాలి, ఏమి చూసి కొనాలి, కొన్న తరువాత ఎలా కాపాడుకోవాలి అన్న విషయాలను మన ఉద్యోగ సోదర సోదరీమణులకు, వారి కుటుంబాలకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కొంత పూర్వరంగం

మన తెలుగునాట కంప్యూటర్ల కథ 1967లో హైదరాబాదులో స్థాపించబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాతో ముడిపడి ఉన్నది. 1969లో వచ్చిన టీడీసీ-12 కంప్యూటరు ఆ సంస్థ పేరును దేశమంతటా చాటింది. నాటి కంప్యూటరుకు ఒక గది, దానికి ప్రత్యేకంగా చల్లదనం కావలసి వచ్చేవి. 1981లో అమెరికాలో వెలువడిన ఆస్‌బోర్న్-1 చేతితో మోసుకుపోగల తొలి వాణిజ్య కంప్యూటర్లలో ప్రసిద్ధమైనది. దాని బరువు సుమారు 11 కిలోలు, తెర కొలత 5 అంగుళాలు! 1982 చివర ఆటోక్యాడ్ రావడంతో వ్యక్తిగత కంప్యూటరు డ్రాయింగ్ బల్లకు పోటీగా నిలిచింది. 1992లో ఐబీఎం థింక్‌ప్యాడ్ వచ్చింది. 2013లో హెచ్‌పీ సంస్థ జడ్‌బుక్ శ్రేణిని, 2015లో లెనోవో సంస్థ థింక్‌ప్యాడ్ పీ శ్రేణిని ప్రవేశపెట్టాయి. డెల్ సంస్థ చిరకాలం ప్రిసిషన్ పేరుతో అమ్మిన శ్రేణికి 2025లో డెల్ ప్రో మాక్స్ అని పేరు మార్చింది. పాత ప్రకటనలు చూసి దుకాణానికి వెళ్లేవారు ఈ పేర్ల మార్పును గుర్తుంచుకోవడం మంచిది.

సాధారణ ల్యాప్‌టాప్‌కు, దీనికి భేదమేమి?

చూడడానికి రెండూ ఒకేలా ఉంటాయి. భేదం నాలుగు విషయాలలో ఉన్నది.

మొదటిది ఓర్పు. సాధారణ యంత్రం కొద్ది నిమిషాలు వేగంగా పరుగెత్తి, వేడెక్కి, తరువాత నెమ్మదిస్తుంది. వర్క్‌స్టేషన్‌లో పెద్ద ఫ్యాన్లు, దళసరి రాగి గొట్టాలు ఉండడం వలన గంటల తరబడి సాగే లెక్కను కూడా దాదాపు ఒకే వేగంతో పూర్తిచేయగలదు. ఒకడు వంద మీటర్ల పందెగాడు, మరొకడు బస్తా మోసే హమాలీ అన్నమాట.

రెండవది గ్రాఫిక్స్ కార్డు. ఆటల కోసం తయారయ్యే కార్డులకు, ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ ప్రొఫెషనల్ వంటి కార్డులకు లోపలి చిప్పు తరచు ఒకే కుటుంబానికి చెందినదే. కాని రెండవ తరహా కార్డులకు డిజైను సాఫ్ట్‌వేర్ తయారీదారుల ధ్రువీకరణ ఉంటుంది. పెద్ద అసెంబ్లీని తిప్పి చూసేటప్పుడు గీతలు మాయం కాకుండా, తెర స్తంభించకుండా ఉండడానికి ఈ ధ్రువీకరణ ఉపకరిస్తుంది.

మూడవది జ్ఞాపకశక్తి, అనగా ర్యామ్. పని చేయని సాధారణ యంత్రాలు అనేకం ర్యామ్ చాలక కూలబడినవే. కొన్ని వర్క్‌స్టేషన్లలో దోషాలను తానే గుర్తించి సవరించుకునే ఈసీసీ ర్యామ్ సౌకర్యం ఉంటుంది. డీడీఆర్-5 ర్యామ్ అన్నింటిలోను చిప్పు లోపల కొంత సవరణ ఉన్నమాట నిజమే గాని, అది పూర్తి ఈసీసీతో సమానం కాదు. దుకాణదారు రెండూ ఒకటే అంటే నమ్మవద్దు.

నాల్గవది మరమ్మతు సౌలభ్యం. అడుగు మూత తీసి ర్యామ్, డిస్కు, ఫ్యాను, బ్యాటరీ మార్చుకునే వీలు వీటిలో ఎక్కువ. అయితే పలుచదనం కోసం ర్యామ్‌ను బోర్డుకే అతికించిన నమూనాలు ఈ శ్రేణిలో కూడా ఉన్నవి కనుక ముందే అడిగి తెలుసుకోవాలి.

కొలిచి కొనండి

బట్ట కొనే ముందు కొలత తీసుకుంటాము. యంత్రం విషయంలోనూ అదే పద్ధతి. ఇప్పుడు వాడుతున్న కంప్యూటరుపై మీ అన్నింటికన్న పెద్ద పనిని నడిపించి, టాస్క్ మేనేజరులో ర్యామ్ ఎంత నిండుతున్నదో, ప్రాసెసరు కోర్లు ఎన్ని పనిచేస్తున్నవో, గ్రాఫిక్స్ కార్డు ఎంత వినియోగమవుతున్నదో వ్రాసుకోండి. ఈ మూడు అంకెలు ఏ సలహాదారుడికన్న నమ్మదగినవి.

డ్రాయింగులు గీయడం, నమూనాలో కొలతలు మార్చడం వంటి పనులు ఎక్కువగా ఒకే కోరు వేగంపై ఆధారపడతాయి. అక్కడ కోర్ల సంఖ్యకు ధర పోయడం వృథా. పరిమిత మూలకాల పద్ధతిలో బలాన్ని లెక్కించేవారికి కోర్లు, ర్యామ్ రెండూ కావాలి. ఆ లెక్కలో వస్తువును చిన్నచిన్న ముక్కలుగా విభజిస్తాము. ముక్క భుజాన్ని సగం చేస్తే ముక్కల సంఖ్య రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు అవుతుంది. 2 లక్షల బిందువులున్న నమూనాలో బిందువుకు మూడు చలనాల చొప్పున 6 లక్షల సమీకరణాలుంటే, ముక్కలను సగం చేయగానే అవి దాదాపు 48 లక్షలవుతాయి. ర్యామ్ అవసరం అంతకన్న వేగంగా పెరుగవచ్చు. కనుక మా అనుభవంలో మధ్యరకం అసెంబ్లీ పనికి 32 జీబీ, విశ్లేషణకు 64 జీబీ కనీసం ఉండాలి. ఖాళీ స్లాటు ఒకటి మిగిలితే మరీ మంచిది.

తెర విషయంలో మెరుపు లేని మ్యాట్ తెర, 16 అంగుళాల కొలత షాపు వెలుతురులో సుఖంగా ఉంటాయి. యంత్రం బరువు 2.5 నుండి 3 కిలోలు, దానితోపాటు 170 లేక 230 వాట్ల అడాప్టరు. ఈ రెండింటినీ భుజాన వేసుకొని మెట్లెక్కగలమా అని ముందే ఆలోచించుకోవాలి. బ్యాటరీపై ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. విమాన ప్రయాణ నిబంధనల ప్రకారం ప్రత్యేక అనుమతి లేకుండా తీసుకుపోగల బ్యాటరీకి 100 వాట్ అవర్ల పరిమితి ఉన్నది. అందుచేతనే పెద్ద యంత్రాలలో కూడా బ్యాటరీ ఆ లోపే ఉంటుంది. 90 వాట్ అవర్ల బ్యాటరీపై 100 వాట్లు లాగే లెక్క నడిపితే గంట కూడా రాదు. ఇది యంత్రం లోపం కాదు, భాగాహారం.

కొనే ముందు రాయితీకన్న వారంటీని ఎక్కువగా పట్టించుకోవాలి. మూడేళ్ల వారంటీ ఉన్నదా, సర్వీసు ఇంజనీరు మన ఊరికే వస్తాడా లేక యంత్రాన్ని రాయపూర్‌కో మరెక్కడికో పంపాలా అన్నది వ్రాతపూర్వకంగా తీసుకోండి. వాడిన వర్క్‌స్టేషన్లు చవకగా దొరుకుతాయి. కాని విండోస్-10కు 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగిసింది. విండోస్-11కు ఇంటెల్ 8వ తరం లేక ఆ తరువాతి ప్రాసెసరు, టీపీఎం 2.0 అవసరం. ఈ రెండూ లేని పాత యంత్రం ఎంత దృఢంగా కనిపించినా కొనదగినది కాదు.

తల్లిదండ్రులకు ఒక మాట

అబ్బాయికో అమ్మాయికో ఇంజనీరింగులో సీటు రాగానే ఇంట్లో మొదలయ్యే చర్చ ల్యాప్‌టాప్ గురించే. "అందరూ పెద్దదే కొంటున్నారు నాన్నా" అన్న మాట విని, భవిష్యనిధి నుండి అప్పు తీసుకోవడానికి సిద్ధపడే తండ్రులను మేము ఎరుగుదుము. వర్క్‌స్టేషన్ ధర రెండు లక్షలు దాటడం సాధారణం. అది ఒక్కొక్క ఇంట్లో చెల్లెలి చదువుకు దాచిన సొమ్ము కావచ్చు. కనుక నిదానించి ఆలోచించడం అవసరం.

మొదటి రెండు సంవత్సరాల చదువుకు వర్క్‌స్టేషన్ అక్కరలేదు. 16 జీబీ ర్యామ్, మంచి కీబోర్డు, 512 జీబీ డిస్కు ఉన్న సాధారణ యంత్రం చాలును. ఆటోడెస్క్ సాఫ్ట్‌వేర్లు అర్హులైన విద్యార్థులకు ఉచితంగా లభిస్తాయి. ఆన్సిస్ విద్యార్థి సంచికలో లెక్క పరిమాణానికే హద్దు విధించారు కనుక దానికి మహాయంత్రం పెట్టినా అదనపు ఫలితం ఉండదు. మూడవ సంవత్సరంలో ప్రాజెక్టు నిర్ణయమైన తరువాత నిజంగా అవసరమైతే అప్పుడు కొనవచ్చు. అప్పటికి అదే ధరకు మెరుగైన యంత్రం దొరికే అవకాశం కూడా ఉన్నది. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల?

ఎండ, దుమ్ము, కరెంటు

మన ప్రాంతంలో వేసవి 45 డిగ్రీలకు చేరడం కొత్తకాదు. చాలా ల్యాప్‌టాప్‌ల తయారీదారులు పనిచేసే పరిసర ఉష్ణోగ్రతకు 35 డిగ్రీలను హద్దుగా పేర్కొంటారు. షాపు ఫ్లోరులో రేకుల కప్పు క్రింద గంటల లెక్క నడిపితే ప్రాసెసరు తన ప్రాణం కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. కనుక కొలత, పరిశీలన షాపులో, భారీ లెక్క చల్లని గదిలో అన్న విభజన పాటించండి. యంత్రాన్ని పరుపుపైనో, దిండుపైనో పెట్టడం దాని ముక్కు మూయడమే. మూసిన కారులో విడిచిపెట్టడం బ్యాటరీకి చేటు. రోజంతా చార్జరుకే తగిలించి ఉంచేవారు చార్జింగును 80 శాతం వద్ద ఆపే సదుపాయం ఉపయోగిస్తే బ్యాటరీ ఆయుష్షు పెరుగుతుంది.

ఫ్యాబ్రికేషన్ షాపు దుమ్ము ఇంటి దుమ్ము వంటిది కాదు. గ్రైండింగు నుండి లేచే ఇనుపరజను విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. గ్రైండరుకు దూరంగా, గాలి వీచే వైపు కూర్చోవడం మొదటి జాగ్రత్త. షాపులోని కంప్రెసరు గన్నుతో యంత్రాన్ని ఊదే అలవాటు మాత్రం మానవలసిందే. ఆ గాలిలో నీటితుంపరలు, నూనె ఉంటాయి. ఆ ఒత్తిడికి ఫ్యాను తన హద్దు మించి తిరిగి బేరింగు పాడవుతుంది. యంత్రాన్ని ఆపి, ఫ్యానును కదలకుండా పట్టి, పొడి గాలితో మెల్లగా శుభ్రం చేయాలి.

వెల్డింగ్ సెట్లు నడిచే లైను నుండే అడాప్టరుకు కరెంటు తీసుకోవద్దు. ఆర్కు వెలిగినప్పుడల్లా వోల్టేజి ఊగిసలాడుతుంది. లోహపు మూతపై చేయి పెట్టినప్పుడు సన్నని జలదరింపు కలిగితే ముందు ఎర్తింగును అనుమానించాలి. మూడు పిన్నుల ప్లగ్గు మూడవ పిన్నును విరిచి వాడేవారు నేటికీ ఉన్నారు. ఆ పిన్ను అలంకారం కోసం పెట్టింది కాదు.

యంత్రం పోతే కొనవచ్చు, పని పోతే?

రైలులో సంచి పోయినా, డిస్కు చెడినా యంత్రానికి బీమా సొమ్ము రావచ్చు గాని ఆరు నెలల డ్రాయింగులు రావు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట అన్న సూత్రాన్ని పాటించండి. ప్రతి తీసినంత మాత్రాన చాలదు, నెలకొకసారి అందులోని ఒక ఫైలును తెరిచి చూడాలి. డిస్కును సంకేతబద్ధం చేసి, దాని పునరుద్ధరణ తాళాన్ని కాగితంపై వ్రాసి ఇంటి బీరువాలో ఉంచండి. సంస్థ డ్రాయింగులు సంస్థ ఆస్తి. వాటిని పిల్లల ఆటల కంప్యూటరులో పెట్టడం తగదు.

ఇంట్లో పనిచేసేటప్పుడు మెడకు కూడా వారంటీ లేదని గుర్తుంచుకోవాలి. తెరను కంటి ఎత్తుకు లేపి, విడిగా కీబోర్డు పెట్టుకోండి. ఇరవై నిమిషాలకొకసారి ఇరవై అడుగుల దూరంలోని వస్తువును ఇరవై సెకన్లు చూడడం కంటికి విశ్రాంతి.

చివరి బాధ్యత మనిషిదే

యంత్రం ఎంత శక్తివంతమైనదైతే దాని జవాబు అంత నమ్మకంగా కనిపిస్తుంది. ప్రమాదం అక్కడే ఉన్నది. రంగురంగుల చిత్రంలో ఎర్రని మచ్చ లేనంత మాత్రాన గర్డరు క్షేమమని కాదు. ఆధారం తప్పుగా ఇచ్చినా, మిల్లీమీటర్లకు బదులు మీటర్లు వ్రాసినా యంత్రం ఎదురుచెప్పకుండా లెక్క చేసి పెడుతుంది. 12 మీటర్ల గర్డరు రెండు కొసల ఆధారంతో ఉండి, నడుమ 100 కిలోన్యూటన్ల భారం పడితే, భారాన్ని పొడవుతో గుణించి నాలుగుతో భాగించాలి. వంపు ఘూర్ణం 300 కిలోన్యూటన్ మీటర్లు. ఈ లెక్కకు కాగితం ముక్క, అర నిమిషం చాలు. స్వీయభారం కలిపిన తరువాత కూడా యంత్రం చెప్పిన జవాబు దీనికి దరిదాపులలో లేకపోతే ఆగి కారణం వెదకాలి.

ఆ గర్డరు క్రింద నిలబడి పనిచేసేది మన తోటి కార్మికుడు. అతని ఇంట్లో సాయంత్రం దీపం పెట్టి ఎదురుచూసేవారు ఉన్నారు. చేతిసంచిలోకి డ్రాయింగ్ ఆఫీసు వచ్చినందుకు సంతోషిద్దాము. దానితోపాటు ఆ ఆఫీసులో చీఫ్ డ్రాఫ్ట్స్‌మన్ ప్రతి కాగితాన్ని పరీక్షించి సంతకం చేసే క్రమశిక్షణను కూడా వెంట తెచ్చుకుందాము. అప్పుడే పెట్టిన ప్రతి రూపాయికి అర్థం ఉంటుంది.