కయాకింగులో రెండో తెడ్డు

కయాక్ చూసిన మిత్రులు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటుంది: "మనిషి ఒక్కడే, చేతులు రెండే; మరి పడవ మీద ఆ రెండో తెడ్డెందుకు?" ప్రశ్న చిన్నదే గాని, జవాబు ప్రాణానికి సంబంధించినది.

కయాక్ గ్రీన్‌లాండ్ మొదలైన ఉత్తరధ్రువ ప్రాంతాల ఇన్యూట్ వేటగాళ్ల పడవ. చట్రం మీద సీల్ చర్మం బిగించి, ఒక్క మనిషి నడుము పట్టేటంత రంధ్రం వుంచేవారు. నేడు ఫైబర్ గ్లాసు, ప్లాస్టిక్ వచ్చినా రూపం దాదాపు అదే. తెడ్డుకు రెండు చివరలా పలకలుంటాయి. పడవను నడిపేదే కాదు, అల తాకినప్పుడు ఒరగకుండా నిలిపేదీ, తలకిందులైతే మళ్లీ లేపేదీ ఈ తెడ్డే. అది చేజారినా, విరిగినా పడవ గాలి పాలే. ఉత్త చేతులతో నీళ్లు తోసి ఎదురుగాలిని గెలవడం మాటలు కాదు.

రెండో తెడ్డు సాధారణంగా మధ్యకు విడదీసే రకం. రెండు ముక్కలూ డెక్ మీది ఎలాస్టిక్ తాళ్ల కింద ఇముడుతాయి. ఎక్కడ పెట్టాలన్నదే అసలు చర్చ. వెనక డెక్ మీద పెడితే ముందు భాగం ఖాళీగా వుంటుంది. కాని అందుకోవాలంటే నడుము తిప్పి తడుముకోవాలి. చేతిలో తెడ్డు లేకుండా అలల్లో అలా తిరిగితే బోల్తా కొట్టడానికి అంతకన్న మంచి అదను వుండదు! ముందు డెక్ మీద, పలకలు పడవ ముక్కు వైపు, కర్రలు మన వైపు వుండేలా పెడితే ఒక్క చేత్తో లాగవచ్చు. తలకిందులుగా వున్నా అందుతుంది. సాధన వుంటే ఒక్క ముక్కతోనే రోల్ చేసి లేవవచ్చు. గ్రీన్‌లాండ్ వేటగాళ్లు ఈటె విసిరే చెక్కముక్కతోనే లేచేవారు మరి! లోపమల్లా, ఒడ్డు దగ్గర విరిగే అలలు తెడ్డును ఊడ్చుకుపోగలవు. అయినా నా ఓటు ముందు డెక్‌కే. లోపలి అరలో దాచి, ప్రమాదం వచ్చాక మూత తీయడం మాత్రం ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే.

తాళ్లు మరీ బిగిస్తే తెడ్డు రాదు, వదులైతే వుండదు. పరీక్ష ఒకటే. నడుము లోతు నీళ్లలో, పక్కన తోడు పెట్టుకుని, కళ్లు మూసుకుని తీయండి. ఎడమ చేత్తో తీయండి. తర్వాత బోల్తా కొట్టి తీయండి. ముక్కలు కలిపే చోట ఇసుక చేరితే పట్టేస్తుంది. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడగాలి.

జట్టులో ఒకరి దగ్గరుంటే చాలదా అంటారు కొందరు. గాలి లేస్తే జట్టు విడిపోవడానికి నిమిషాలు చాలు. అప్పుడు పక్కవాడి తెడ్డు మనకు లేనట్టే. విశాఖ ఋషికొండ దగ్గరా ఇప్పుడు కయాకులు కనబడుతున్నాయి. మన విద్యార్థులు సరదాపడి ఒడ్డు విడిచి దూరం పోయే ముందు, లైఫ్ జాకెట్ తర్వాత అడగవలసింది ఇదే: "రెండో తెడ్డు ఎక్కడుంది? నా చేతికి అందుతుందా?"