సాల్మను చేపలు : పోనిచ్చిన వాని లెక్క

గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చు రోజులలో సముద్రమునుండి ఏటికెదురీదుచు వచ్చు పులసను గూర్చి వినని తెలుగువారు అరుదు. సముద్రములో నున్నంతకాలము అది విలస. వరదనీటిలో కొంతదూరము ఎదురీదిన పిదప పులస. పేరుతోబాటు రుచియు మారును, ధరయు మారును. పెరుగుట ఉప్పునీటిలో, గ్రుడ్లు పెట్టుట మంచినీటిలో - ఇట్లు రెండిండ్ల కాపురము చేయు చేపలు ప్రపంచమున ఇంకను పెక్కు కలవు. వానిలో మిక్కిలి పేరుగన్నది ఉత్తర సముద్రముల సాల్మను. పులసకును దీనికిని చుట్టరికము లేదు. బ్రతుకు తీరులోనే పోలిక.

పసిఫిక్ మహాసముద్రమునకు ఉత్తర అమెరికా వైపున ఐదు జాతుల సాల్మనులు కలవు. అందు సాకై అను జాతిని చూతము. ఆడచేప తోకతో ఏటి అడుగున గులకరాళ్లను త్రవ్వి గుంట చేసి, అందు మూడు నాలుగు వేల గ్రుడ్లు పెట్టును. పిల్లలు దగ్గరనున్న సరస్సులో ఒకటి రెండేండ్లు పెరిగి, ఏటివెంట సముద్రమునకు దిగిపోవును. అచట రెండు మూడేండ్లు తిరిగి, పుట్టిన యేటికే మరల వచ్చును. పసితనమున ఎరిగిన ఏటినీటి వాసనను పట్టుకొని ఇది దారి తెలిసికొనునని ఆర్థర్ హాస్లర్ అను అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1950 ప్రాంతమున ప్రతిపాదించెను. పిమ్మట జరిగిన ప్రయోగములు దానిని బలపరచినవి. తిరుగు ప్రయాణమున ఈ చేప ఆహారము ముట్టదు. ఒడలు ఎఱ్ఱబారి, దవడలు వంకరపోయి, గ్రుడ్లు పెట్టిన కొలది దినములకే చచ్చును. పులస వలె మరియొక యేడు వచ్చుట దానికి లేదు.

ఈ బ్రతుకు తీరే సాల్మనుకు ప్రమాదము. సముద్రపు చేపను జాలరి వెదకి పట్టవలెను. ఎంత పట్టినను ఎచటనో కొంత మిగులును. సాల్మనో, ఏటేట అదే నెలలో, అదే ఏటి మూతికి, తానై వచ్చును. ఆ మూతికి అడ్డముగ దడి కట్టి వలలు పన్నినచో ఒక యేటి సంతతినంతను ఒక్కమారే తుడిచివేయవచ్చును. ఇట్టి చేపకు శాసనపు రక్షణ లేనిచో వేటగాని మంచితనమే రక్షణ. పోటీ గల వ్యాపారములో మంచితనమునకెంత ఆయుష్షో మనకు తెలియనిది కాదు.

అయినచో అసలు పట్టకుండుటయే మేలా? కాదు. ఒక జంట పెట్టిన వేలకొలది గ్రుడ్లలో రెండు చేపలు పెద్దవై తిరిగివచ్చిన చాలును, సంతతి తరుగక నిలుచును. మంచి సంవత్సరములలో నాలుగైదు రావచ్చును. ఆ పైబడినవే మనుష్యుని వంతు. అంతేకాదు, ఏటిలో చోటును, సరస్సులో మేతయు పరిమితములు. మితిమీరి చేపలు పైకిపోయినచో వెనుక వచ్చినవి ముందువాని గుంటలను త్రవ్వివేయును. పుట్టిన పిల్లలకు మేత చాలదు. గ్రుడ్లు పెట్టు చేపల సంఖ్యకును, తిరిగివచ్చు సంతతికిని గల ఈ సంబంధమును కెనడా శాస్త్రజ్ఞుడు రికర్ 1954లో గణితరూపమున చూపెను. ఆయన గీచిన రేఖ మొదట ఎక్కి, ఒక శిఖరము దాటి, మరల దిగును. కావున శాసనము అడుగవలసిన ప్రశ్న ఎన్ని పట్టవచ్చునని కాదు, ఎన్నిటిని పైకి పోనీయవలెనని.

ఈ ప్రశ్నకు సరియైన రూపము వచ్చుటకు అలాస్కాలో చాలకాలము పట్టినది. అచటి బ్రిస్టల్ అఖాతమున సాల్మనును డబ్బాలలో నింపు తొలి కర్మాగారము 1884లో వెలసినది. ఆ పిదప తీరమంతట కర్మాగారములే. దక్షిణ అలాస్కాలో కంపెనీలు ఏళ్ల దారులలో స్తంభములు పాతి, చేపలను తమంత తామే లోనికి మళ్లించుకొను పెద్ద బోనులు కట్టినవి. 1924లో అమెరికా కాంగ్రెసు ఒక చట్టము చేసినది: వచ్చిన చేపలలో సగమునకు తక్కువ కాకుండ పైకి పోనీయవలెను. వినుటకిది న్యాయముగనే యున్నది. ఆచరణలో రెండు లోపములు బయటపడినవి. మొదటిది, వచ్చినవెన్నో లెక్కించిననేగదా సగము తెలియును? వేలమైళ్ల తీరమునకు తనిఖీదారులు కొద్దిమంది. నియమములు చేయు కార్యాలయము దూరాన వాషింగ్టనులో. రెండవది మరింత మౌలికము. చేపలు తక్కువగ వచ్చిన యేట సగము చాలదు; విరివిగ వచ్చిన యేట సగము అవసరమునకు మించినది. ఏటికి కావలసినది ఒక సంఖ్య, ఒక భాగము కాదు.

1936లో అలాస్కా అంతట పట్టిన సాల్మనులు పన్నెండు కోట్లకు పైబడినవి. 1953 నాటికి పరిస్థితి ఎంత దిగజారినదనగా, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ అచటి జాలరి గ్రామములను విపద్గ్రస్త ప్రాంతములుగ ప్రకటింపవలసి వచ్చెను. 1959లో పట్టినవి రెండున్నర కోట్లు. ఆ యేడే అలాస్కా రాష్ట్రమైనది. బయటి కంపెనీల బోనులు పోవలెనన్నది ఆ రాష్ట్రోద్యమమునకు ఒక పెద్ద ఊపు. 1956లో రాజ్యాంగముతోబాటే బోనుల రద్దునకు ప్రజలు ఓటువేసిరి. చేపలను తరతరములు తరుగని రీతిని వినియోగింపవలెనను సూత్రము ఆ రాజ్యాంగములోనే కలదు. 1960 నుండి మత్స్యశాఖ రాష్ట్రము చేతికి వచ్చినది.

బ్రిస్టల్ అఖాతములో నేడు జరుగు పని చూడదగినది. అఖాతములోనికి దిగు ఏళ్లు పెక్కు - క్విచాక్, నాక్‌నెక్, ఎగెగిక్, ఉగాషిక్, వుడ్, నుషగాక్ మొదలైనవి. ఒక్కొక్క యేటికి ఎన్ని చేపలు పైకి పోవలెనో మేలు, కీడు హద్దులు ముందే నిర్ణయించిరి. క్విచాకునకు అది 20 లక్షలు మొదలు ఒక కోటి. స్వచ్ఛమైన నీరుగల యేళ్ల ఒడ్డున, వేటస్థలమునకు ఎగువగ, మంచెవంటి గోపురములు నిలిపి వానిపై మనుష్యులు నిలుచుండి లెక్కింతురు. సాకై ప్రవాహపు వడి తప్పించుకొనుటకై ఒడ్డునంటి, లోతులేని నీటిలో బారుగ పోవును. కనుక కంటికి దొరకును. ప్రతి గంటలో పది నిమిషములు ఒక ఒడ్డున, పది నిమిషములు రెండవ ఒడ్డున లెక్కించి, ఆరుచేత హెచ్చింతురు. పది నిమిషములలో 500 పోయినచో ఆ గంటకు ఆ ఒడ్డున 3000 అన్నమాట. రేయింబవళ్లు, వేటకాలమంతయు ఇదే పని. ఇంత సాదా పద్ధతి ఇంత పెద్ద వ్యాపారమును నడపుట విడ్డూరముగ తోచవచ్చును, కాని పద్ధతికి కావలసినది సూటిదనమే. నీరు మురికిగనుండు నుషగాక్‌లో మాత్రము ధ్వనితరంగములతో లెక్కించు యంత్రములు వాడుదురు.

చిక్కు ఇంకొకటి కలదు. అఖాతమునుండి గోపురము దాక ఈదుటకు చేపకు కొన్ని దినములు పట్టును. అనగా గోపురపు లెక్క గడచిన దినముల వార్త. అందుచే ముందు వార్తయు కావలెను. పశ్చిమమున పోర్ట్ మొల్లర్ రేవునుండి ఒక పడవ సముద్రములో నిర్ణీత స్థలముల వల వేసి చూచును. అచట చిక్కిన చేపలు ఏళ్లకు చేరుటకు సుమారు ఒక వారము. ఆ చేపల జన్యు పరీక్షవలన ఏ యేటివి ఎన్ని వచ్చుచున్నవో కొంతవరకు తెలియును. విమానమెక్కి ఏటి దిగువ భాగమును చూచుటయు కలదు.

ఈ వార్తలన్నియు ముందు పెట్టుకొని స్థానిక మత్స్యాధికారి తీర్పు చెప్పును: ఈ యేటి మూతియందు రేపు ఇన్ని గంటలకు వేట తెరచి, ఇన్ని గంటలకు మూయవలెను. ఈ అత్యవసర ఉత్తర్వు రేడియోలో వినిపించును. మన తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు యంత్రపు పడవల వేటకు నిషేధము కలదు. అది పంచాంగమును చూచి చేసిన నియమము. బ్రిస్టల్ అఖాతపు నియమము చేపను చూచి చేసినది. కొద్ది వారములలో, జూలై మొదటి భాగమున, సాకై గుంపు ముమ్మరముగ వచ్చిపోవును. ఆ దినములలో ఆరుగంటల మూసివేత ఒక జాలరి కుటుంబమునకు ఏడాది రాబడిలో ఎంతో తరుగు. ఆరుగంటలు ఎక్కువ తెరచినచో ఒక యేటి సంతతికి దెబ్బ. అధికారికి రెండువైపులనుండియు ఒత్తిడియే. శాసనము ఆయనకిచ్చిన బలమేమనగా, పోవలసిన చేపలు పోకముందు వేట తెరువనవసరము లేదు.

పడవకు, వలకు గూడ హద్దులున్నవి. 1951 వరకు ఈ అఖాతమున మోటారు పడవలతో వేట నిషిద్ధము, తెరచాప పడవలే. నేటికిని పడవ 32 అడుగులకు మించరాదు; సాధారణముగ ఒక పడవ వల 900 అడుగులకు మించరాదు. కావలెనని పనితనమును తగ్గించు ఈ నియమము ఇంజనీర్లకు నచ్చదు కాని, దానివలన అధికారికి ఆలోచించుటకు వ్యవధి దొరకును. పడవల సంఖ్యయు పరిమితము. 1972లో రాజ్యాంగమును సవరించి, 1973లో చట్టము చేసి, వేటకు అనుమతి పత్రములు నిర్ణీత సంఖ్యలో నిచ్చిరి. వానిని అమ్ముకొనవచ్చును, వారసులకీయవచ్చును. ఇచ్చట ఒక అన్యాయము దొర్లినది. ధర పెరిగిన పత్రములు పేద గ్రామములనుండి డబ్బుగల బయటివారి చేతికి పోయినవి. ఏటి ఒడ్డుననే పుట్టి పెరిగిన మూలవాసుల కుటుంబములలో కొన్నిటికి నేడు అమ్మకపు వేటకు హక్కులేదు. తిండికొరకు పట్టుకొను హక్కునకు మాత్రము 1978 నుండి చట్టము మొదటి స్థానమిచ్చినది.

చేపల మట్టుకు ఫలితము గొప్పది. 2022లో బ్రిస్టల్ అఖాతమునకు వచ్చిన సాకైలు సుమారు ఏడుకోట్ల 90 లక్షలు, పట్టినవి సుమారు ఆరుకోట్లు. ఇందు శాసనమునకు ఎంత, సముద్రపు అనుకూలతకెంత అనునది విడదీయుట కష్టము. ఒక్కటి మాత్రము స్పష్టము. ఒకప్పుడు క్విచాక్ అన్నిటికన్న పెద్ద పంట. తరువాత ఎగెగిక్ పుంజుకొన్నది. ఇటీవల నుషగాక్ వంతు. ఆనాడు నుషగాక్ చిన్నది గదాయని అలక్ష్యము చేసియుండినచో ఈనాటి పంట ఉండెడిది కాదు. ఏయేటి లెక్క ఆయేటికే చూచుటలోని లాభమిది.

అయితే వేటను ఎంత చక్కగ నియమించినను, ఏరు చెడినచో నియమము పనికిరాదు. అలాస్కాకు దక్షిణమున కొలంబియా నదిని చూడుడు. 1938లో కట్టిన బోన్‌విల్ ఆనకట్టకు చేపలు ఎక్కిపోవుటకు మెట్లవంటి నీటి తొట్లు కట్టిరి. 1942లో పూర్తియైన గ్రాండ్ కూలీ ఆనకట్టకు అవియు లేవు. దాని ఎగువ వందల మైళ్ల ఏళ్లు సాల్మనుకు శాశ్వతముగ మూతపడినవి. ధవళేశ్వరము ఆనకట్టవద్ద పులస దారి ఆగుట ఎరిగినవారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు. కొలంబియాకు ఉపనది స్నేక్. దాని ఎగువ రెడ్‌ఫిష్ సరస్సునకు పోవు సాకై ఎనిమిది ఆనకట్టలు దాటవలెను. 1991లో ఆ సాకైని నశించిపోవు జాతిగ ప్రకటించి వేటనుండి కాపాడిరి. మరుసటి యేడు, 1992లో, ఆ సరస్సునకు తిరిగివచ్చినది ఒకే ఒక మగచేప. ఆనకట్టలను తొలగించుటయే మందని కొన్నిచోట్ల తెగించిరి. కాలిఫోర్నియా, ఆరెగాన్ రాష్ట్రముల క్లామత్ నదిపై నాలుగు ఆనకట్టలను తీసివేయుట 2024లో ముగిసినది. ఆ శరదృతువుననే చినూక్ సాల్మనులు పాత అడ్డులు దాటి ఎగువన కనబడినవి.

యూకాన్ నదిలో కష్టము ఇంకొక తీరుది. అచట ప్రధాన ప్రవాహమున సాల్మను దారికి అడ్డముగ పెద్ద ఆనకట్టలు చాల తక్కువ. వేటయు ఎన్నడో తగ్గించిరి. అయినను చినూకులు కరగిపోయినవి. కెనడా భాగమున పుట్టిన చేపలు ఒకప్పుడు ఏటేట లక్షకు పైబడి వచ్చెడివి; 2022, 2023 సంవత్సరములలో సరిహద్దున ఈగిల్ వద్ద లెక్కకు వచ్చినవి ఏ యేడును ఇరువదివేలు లేవు. ఏటి నీరు వేడెక్కుట, సముద్రములో మేత మారుట, పరాన్నజీవివలని జబ్బు, బేరింగ్ సముద్రమున ఇతర చేపలకై లాగు వలలలో చిక్కుట - వీనిలో దేనికెంత పాలో శాస్త్రజ్ఞులలో ఇంకను వాదమున్నది. 2024 ఏప్రిలులో అలాస్కాయు కెనడాయు ఒడంబడిక చేసికొని, చినూకునకు ఒక జీవితకాలమనదగిన ఏడేండ్లు వేట నిలిపివేసినవి. సరిహద్దు దాటవలసిన సంఖ్య 71,000 అని పెట్టుకొన్నవి. ఈ నిషేధము కంపెనీలకు కాదు తగిలినది. ఎండవేసిన చినూకుతో చలికాలము గడపుకొను ఏటి ఒడ్డు గ్రామములకు. పట్టుటయేకాదు, చేపను కోసి ఎండబెట్టు విద్యను పిల్లలకు నేర్పు వేసవి మకాములు గూడ ఖాళీపడినవి. 2024లో యూకాన్ ఎగువన పెట్టిన గ్రుడ్లలోని చేపలు అధికభాగము తిరిగివచ్చుట 2029, 2030 సంవత్సరములలో.