ఆధారం లేదంటే ఆధారం ఎలా వస్తుంది?

రేడియేషన్ చికిత్సలో వాడే ఎక్స్ కిరణాలు క్యాన్సర్ కణితిని దాటి ఒంట్లోంచి బయటకు పోతాయి. ప్రోటాన్లు మాత్రం నిర్ణీత లోతుకు చేరి ఆగిపోతాయి. అందువల్ల పక్కనున్న అవయవాలకు తగిలే రేడియేషన్ తగ్గుతుంది. అయితే ఖర్చు ఎక్కువ. ఆ ఖర్చుకు తగ్గ మేలు ఏ క్యాన్సర్‌లో ఉందో క్లినికల్ ట్రయల్స్‌లోనే తేలాలి.

చిక్కంతా ఇక్కడే ఉంది. అమెరికాలో ఈ చికిత్సకు సాధారణంగా బీమా కంపెనీ ముందస్తు అనుమతి కావాలి. "తగిన ఆధారాలు లేవు" అని కంపెనీలు తరచు నిరాకరిస్తాయి. ట్రయల్‌లో రోగులను చీటీలు తీసినట్లు రెండు వర్గాలు చేస్తారు. ప్రోటాన్ వర్గంలో పడినవారికి అనుమతి రాకపోతే వారు తప్పుకుంటారు, లేదా మామూలు రేడియేషన్‌కు మారతారు. అప్పుడు పోలికే దెబ్బతింటుంది. ఇక కంపెనీ అడిగే ఆధారం ఎక్కడినుంచి వస్తుంది?

2010 నాటి చట్టం వల్ల, 2014 నుంచి ట్రయల్‌లో చేరినవారి మామూలు వైద్యఖర్చులను చాలా బీమా పథకాలు భరించాలి. కాని పరీక్షలో ఉన్న చికిత్స ఖర్చు అందులోకి రాదు. నిరాకరణపై అప్పీలు చేయవచ్చు. అక్కడా కాదంటే స్వతంత్ర సమీక్ష కోరవచ్చు. కాని అప్పీలు తేలేదాకా కణితి ఆగదు కదా!