వేసవి మేతలో గుర్రములకు ఈగల బాధ – నివారణ

మేతకు వదలిన గుర్రమును మిట్టమధ్యాహ్నము ఒక పావుగంట నిలబడి చూడుడు. ఎదుట పచ్చిక ఉన్నను దాని నోరు పచ్చికపై నిలువదు. ఒకసారి తల విదిలించును, ఒకసారి కాలు నేలకు కొట్టును, తోక క్షణమైనను ఊరకుండదు. సాయంత్రము అది కడుపు నిండకయే, వంటిపై నెత్తురు చుక్కలతో ఇల్లు చేరును. మరునాడు సంతకు బరువు మోయవలసినది ఆ గుర్రమే.

జట్కాబండ్ల కాలము గడచిన పిదప మన పల్లెలలో గుర్రములు తగ్గినవి. అయినను పాడేరు మన్యములో బండి పోలేని కొండదారుల వెంట కాఫీ, మిరియాలు, పసుపు సంతకు చేర్చుటకు గుర్రములు నేటికిని ఉపయోగపడుచున్నవి. మైదానములలో పెండ్లి ఊరేగింపులకై పెంచువారును కలరు. అట్టి ఇంట గుర్రము పడిపోయినచో బరువు మనిషి వీపుపైకి వచ్చును. కావున ఈగల బాధను చిన్న విషయముగా ఎంచరాదు.

ఈగలన్నియు ఒక్క జాతి కావు. ఒక్కొక్క దానికి ఒక్కొక్క వేళ, ఒక్కొక్క చోటు కలవు. వాటిని తెలిసికొనుటయే సగము మందు.

ఏ ఈగ, ఎప్పుడు, ఎక్కడ?

జోరీగ: ఇది పెద్ద ఈగ. ఎండ బాగుగా కాయుచున్న వేళ తిరుగును. ఆడ ఈగయే నెత్తురు త్రాగును. చర్మమును కోసి త్రాగుటచే గాటునుండి నెత్తురు కారును. నీటి ఒడ్డున, బురద నేలపై నున్న ఆకులమీద గ్రుడ్లు పెట్టును. దాని పురుగులు బురదలో పెరుగును. సాధారణముగా చీకటిగా నుండు కొట్టములోనికి రాదు.

కుట్టెడు ఈగ: చూచుటకు ఇంటి ఈగవలె నుండును గాని ముందుకు పొడుచుకొని వచ్చిన గట్టి ముక్కు ఉండును. ఎక్కువగా కాళ్ళపై వాలును. గుర్రము ఊరక కాళ్ళు కొట్టుచున్నచో ఇది చేరినదని గ్రహింపవలెను. మూత్రముతో తడిసిన గడ్డిలోను, లద్దె కలిసిన చెత్తలోను పుట్టును.

ఇంటి ఈగ: కుట్టదు. కంటి నీటిపై, పుండ్లపై మూగును. గుర్రము కడుపులోని ఒక జాతి పురుగుల పిల్లలను మోసుకొని వచ్చి పుండులో విడుచును. అట్టి పుండు వేసవి అంతయు మానక కండ పెరుగును. దీనినే వేసవి పుండు అందురు.

నుసుములు: సందెవేళను, తెల్లవారుజామునను జూలు మొదట, తోక మొదట కుట్టును. గుర్రము చెట్టునకు రాచుకొని వెండ్రుకలు ఊడగొట్టుకొనును. నుసుము గాలికి ఎదురెగరలేదు.

బాట్ ఈగ: ఇది నెత్తురు త్రాగదు. ముంగాళ్ళ వెండ్రుకలకు పసుపుపచ్చని చిన్న గ్రుడ్లను అంటించును. గుర్రము నాకినపుడు పిల్లలు నోటిలోనికి పోయి, కడుపులో గోడను పట్టుకొని అనేక మాసములు ఉండును.

సర్రా వ్యాధి

ఈగలు చేయు కీడులలో పెద్దది సర్రా వ్యాధి. దీనిని కలిగించు సూక్ష్మజీవిని 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ అను సైనిక పశువైద్యుడు డేరా ఇస్మాయిల్ ఖాన్ ప్రాంతమున గుర్రముల, ఒంటెల నెత్తుటిలో మొదట చూచెను. జబ్బు గుర్రముపై జోరీగ వాలి సగము త్రాగునప్పటికి గుర్రము దానిని తరుమును. మూతికి అంటిన తడి నెత్తురుతోనే అది ప్రక్క గుర్రముపై వాలును. జబ్బు ఆ విధముగా అంటును.

జ్వరము వచ్చి తగ్గి మరల వచ్చుట, తిండి తినుచునే చిక్కిపోవుట, కంటి లోపలి పొర పాలిపోవుట, పొట్ట క్రిందను కాళ్ళలోను నీరు దిగుట, వెనుక కాళ్ళు తూలుట దీని గుర్తులు. వైద్యము లేనిచో గుర్రము బ్రతుకుట అరుదు. జ్వరముగా నున్నపుడే నెత్తురు పరీక్ష చేయించవలెను. క్వినాపైరమిన్ మందు దీనికి పనిచేయును గాని పశువైద్యుడే దాని మోతాదు నిర్ణయించి ఇవ్వవలెను. జబ్బు గుర్రమును తక్కినవాటికి సుమారు 200 గజముల దూరమున కట్టవలెను. ఆవులలో, గేదెలలో ఈ జబ్బు పైకి కనబడకయే ఉండవచ్చును. కావున మధ్యాహ్నవేళ గేదెల మందలో గుర్రమును వదలరాదు.

మేపు వేళ మార్చుడు

ఖర్చు లేని ఉపాయము ఇదియే. తెల్లవారి నుసుములు తగ్గిన తరువాత గుర్రమును వదలి, 9 గంటలకు ఎండ ముదురక మునుపే తోలుకొని రావలెను. పగలు 4 గంటల వరకు నీడగల లాయములో ఉంచి కోసిన గడ్డి, చల్లని నీరు పెట్టవలెను. జోరీగ లోనికి వెంబడింపదు. తిరిగి సాయంత్రము వదలవచ్చును. అయితే సందెవేళ వాగు ఒడ్డున, మడుగు ప్రక్కన కాక గాలి ఆడు మిట్టపై మేపవలెను. ముంగాళ్ళకు బంధము వేసిన గుర్రము ఈగలనుండి పారిపోలేదు. ఎండవేళ బంధముతో వదలరాదు.

లాయము శుభ్రము

వేసవిలో ఇంటి ఈగ గ్రుడ్డునుండి రెక్కల ఈగ అగుటకు 7 నుండి 10 దినములు చాలును. కావున లద్దెను ప్రతిదినము ఎత్తవలెను. ఏ స్థితిలోను వారమునకు రెండుసార్లకు తక్కువ కారాదు. ఎత్తిన లద్దెను లాయమునకు దూరముగా కుప్పవేసి మన్నుతో కప్పినచో లోపలి వేడికి పురుగులు చచ్చును, మంచి ఎరువును తయారగును. తడిసిన గడ్డిని తీసి నేలను ఆరనివ్వవలెను. నీటితొట్టి చుట్టు బురద లేకుండ ఇసుక వేయవలెను.

వేపాకు, వావిలాకు పొగ సందెవేళ మేలు చేయును. పొగ లాయము వెలుపల, గాలి వచ్చు వైపున ఉండవలెను. మూసిన లాయములో పొగ పెట్టినచో గుర్రము ఊపిరితిత్తులు చెడును.

వంటికి రక్షణ

నుదుటి పట్టీకి నూలు కుచ్చులు కట్టినచో తల ఊపినపుడెల్ల కండ్లపై ఈగలు లేచిపోవును. గుర్రము తోకను, జూలును వేసవిలో కత్తిరింపరాదు. అవి దాని విసనకర్రలు. బరువు దించిన వెంటనే చెమట కడిగి, ఆరిన పిదప గొరపముతో తోమవలెను. ముంగాళ్ళపై బాట్ ఈగ గ్రుడ్లు కనబడినచో మొండి కత్తితో గీకి, మేతలో పడకుండ పారవేయవలెను. కడుపులోని పురుగులకు పశువైద్యుడు మందు ఇచ్చును.

జోరీగ ముదురు రంగును వెదకుకొని వచ్చును. 2019లో జపానులో నల్లని ఆవులకు తెల్లని చారలు వేసి చూడగా కుట్టెడు ఈగలు వాలుట సుమారు సగమునకు తగ్గినది. నల్ల గుర్రము, గోధుమవన్నె గుర్రము గలవారు పలుచని తెల్లని నూలు దుప్పటి కప్పుట మంచిది.

వేపనూనె ఒక పాలు, కొబ్బరినూనె పది పాళ్ళు కలిపి కాళ్ళకు, చెవుల వెలుపల పూసినచో కొన్ని గంటలు ఈగలు తగ్గును. మొదట కొద్ది చోట పూసి, దద్దురు రాకున్న తరువాతనే తక్కిన చోట్ల పూయవలెను. మూపుపై జీను ఒరసిన పుండు పడినచో అది మానువరకు బరువు వేయరాదు. పురుగు పడినచో ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను.

మందులలో జాగ్రత్త

ఆవులకు, గేదెలకు పిడుదులు పోవుటకు వాడు అమిట్రాజ్ మందును గుర్రముపై ఎంతమాత్రము వాడరాదు. దానివలన ప్రేగుల కదలిక నిలిచి, లద్దె బిగిసి, కడుపుశూలతో గుర్రము చనిపోవచ్చును. అంగడిలో ఈ మందు వేర్వేరు పేర్లతో అమ్మబడును; సీసాపై అసలు మందు పేరు చదివి గాని కొనరాదు. పైరులపై చల్లు మందులను పశువులపై చల్లరాదు. పూర్వము కొట్టములలో డి.డి.టి., బి.హెచ్.సి. పొడులు చల్లెడివారు. డి.డి.టి.ని వ్యవసాయమున వాడుట 1989లోను, బి.హెచ్.సి. 1997లోను నిషేధింపబడినవి. పాత డబ్బాలు ఇంట నున్నను ముట్టరాదు.

గ్రామోద్యోగులకు మనవి

వారపు సంతలో పలు గ్రామముల గుర్రములు ఒకచోట నిలుచును. జబ్బు ఒక ఊరినుండి మరియొక ఊరికి పోవు దారి అదియే. ఒక సంతనాటి లద్దెలో పుట్టిన ఈగలు మరుసటి సంతకు సిద్ధమగును. కావున సంత ముగిసిన మరునాడే లద్దెను ఎత్తించవలెను. జ్వరముగా నున్న గుర్రమును సంతకు తేవద్దని యజమానులకు ముందుగా చెప్పవలెను. ఒకే ఊరిలో రెండు మూడు గుర్రములు జ్వరపడినచో వెంటనే పశువైద్యశాలకు గాని, 1962 సంఖ్యకు ఫోను చేసి గాని తెలుపవలెను.

పైన చెప్పిన పనులలో ఎక్కువ భాగము కొనవలసినవి కావు. వేళ మార్చుట, లద్దె ఎత్తుట, బురద పూడ్చుట ఇంటివారి చేతిలోని పనులు. వీటిని మూడు వారములు తప్పక చేసి, మరల ఒక పావుగంట నిలబడి గుర్రమును చూడుడు. తల వంచి నిలకడగా మేయుచున్నచో మీ శ్రమ ఫలించినది.