వస్తుసంఖ్యలు పొసగనప్పుడు



నేతచీరలు, పచ్చళ్లు, కొయ్యబొమ్మలు మున్నగు సరకులను ఇంటర్నెట్టులో అంగడి తెఱచి దూరదేశములకు విక్రయించువారు నేడు మన పల్లెలలోను కలరు. అట్టి యంగడికి వీధి లేదు. వీధి చేయు పనిని ప్రకటనలే చేయవలసియున్నది. వ్యాపారమును పిల్లలు నడపుచున్నను, పెట్టుబడి తఱచుగా ఇంటి పెద్దల చేతినుండియే పోవుచుండును. ప్రకటనలకు సొమ్ము వ్యయమగుచు అమ్మకములు కానరానిచో, సరకు మంచిది కాదనియో, నేతగాని పనితనము తగ్గినదనియో నిర్ణయించుట వాడుక. కాని దోషము సరకునందు గాక లెక్కలలోని సంఖ్యలయందుండవచ్చును. ఆ దోషమెట్టిదో, దానిని కనుగొను క్రమమేదో ఈ ప్రసంగమున మనవి చేసెదను.

మొదట ప్రకటన పనిచేయు విధమును తెలిసికొనవలెను. ఇప్పుడు మెటా యని పిలువబడు ఫేస్‌బుక్ సంస్థ 2015వ సంవత్సరమున ఒక రకపు ప్రకటనను ప్రవేశపెట్టినది. దీనిలో అందఱికిని ఒకే బొమ్మ చూపబడదు. ఒక చీరను చూచి కొనక వెడలిపోయినవారికి ఆ చీరయే మరల కానవచ్చును. ఇందులకు రెండు సాధనములు కావలెను. మొదటిది కాటలాగు, అనగా సరకుల పట్టిక. అందు ప్రతి వస్తువునకును ఒక గుర్తింపు సంఖ్య, పేరు, ధర, బొమ్మ ఉండును. రెండవది పిక్సెల్ అను చిన్న సంకేతలిపి. అది అంగడి పుటలలో నిమిడియుండి, వచ్చినవారు ఏ వస్తువును చూచిరో, దేనిని బుట్టలో వేసికొనిరో, దేనిని కొనిరో మెటాకు తెలియజేయుచుండును. ఆ సమాచారములోను వస్తుసంఖ్య యుండును.

ఈ రెండు సంఖ్యలును ఒక్కటియే కావలెను. అడంగలులో ఒక సర్వే నంబరును, 1-బి లో మఱొక నంబరును ఉన్నచో, పొలము కన్నులయెదుట నున్నను కాగితముమీద దానిని కలుపుట సాధ్యము కాదు గదా! ఇచటను అంతియే. పిక్సెల్ పంపిన సంఖ్య పట్టికలో లేనిచో, చూచిన చీరను చూపుటకు యంత్రమునకు వీలుండదు. కొనినవారికి ఆ చీరను మరల చూపుట మానవలెననియు దానికి తెలియదు. ఏ చీరవలన అమ్మకము కలిగెనో లెక్క తేలదు. ప్రకటన మాత్రము ఆగక, సొమ్ము వ్యయమగుచునే యుండును. ఇందొక మోసము కలదు. అమ్మకపు మొత్తము వేఱుగా పంపబడును గనుక, అది సరిగానే కానవచ్చును. మొత్తము సరిపోయినంతమాత్రమున సంఖ్యలు పొసగినవని తలపరాదు.

సంఖ్యలు పొసగకుండుటకు ముఖ్యకారణములు నాలుగు.

మొదటిది వస్తువునకును, దానిలోని రకమునకును గల భేదము. కెనడా దేశపు షాపిఫై సంస్థవారి అంగడులలో ఒక చీరకు ఒక సంఖ్య యుండును. ఆ చీరయే ఎఱుపు, ఆకుపచ్చ, నీలము రంగులలో నున్నచో ప్రతి రంగునకును వేఱు సంఖ్య యుండును. సర్వే నంబరునకు సబ్‌డివిజనులు ఉన్నట్లే యిది. పట్టిక రంగుల సంఖ్యలతో వ్రాయబడి, పిక్సెల్ మూలసంఖ్యను పంపినచో పొత్తు కుదరదు. మూలసంఖ్యనే పంపదలచినచో, అది వస్తువుల గుంపునకు చెందిన సంఖ్య యని పిక్సెల్ స్పష్టముగా తెలుపవలెను. పట్టికలోను ఆ గుంపుసంఖ్య యుండవలెను.

రెండవది సంఖ్యకు ముందు చేరు అక్షరములు. గూగుల్ పట్టికకు షాపిఫై నుండి పోవు గుర్తులో షాపిఫై అను మాట, దేశపు గుర్తు, వస్తుసంఖ్య, రకపుసంఖ్య వరుసగా కూర్చబడి యుండుట కలదు. అంగడి పుట కేవలము రకపుసంఖ్యనే పంపినచో, మనుష్యునికి రెండును ఒక్కటిగా తోచినను యంత్రమునకు తోచవు.

మూడవది ఎక్సెల్ పట్టికవలన కలుగు చెఱుపు. అది సంఖ్యకు ముందున్న సున్నలను తొలగించును. పొడవైన సంఖ్యలను కుదించి చూపును. పదునైదు అంకెలు దాటినచో చివరి అంకెలను సున్నలుగా మార్చును. గుర్తింపు సంఖ్యల వరుసను ముందుగానే అక్షరరూపముగా నిర్ణయించినచో ఈ కీడు తప్పును.

నాలుగవది ఇద్దఱు వార్తాహరులుండుట. పూర్వమొకరు అంగడి పుటలో పిక్సెల్ వ్రాసిపోగా, పిమ్మట మఱొకరు వేఱొక ఉపకరణముద్వారా మరల చేర్చుదురు. ఒకే చూపు రెండు మారులు, రెండు సంఖ్యలతో పోవును.

ఇక పరీక్షాక్రమము. పట్టికకు జతచేసిన పిక్సెల్, అంగడిలోనున్న పిక్సెల్ ఒక్కటియేనా యని మొదట చూడవలెను. పిదప ఒకే వస్తువును ఎన్నుకొని, పట్టికలోని దాని సంఖ్యను కాగితముమీద వ్రాసికొనవలెను. ఆ వస్తువు పుటను తెఱచి, పిక్సెల్ హెల్పర్ అను ఉపకరణముతో ఏ సంఖ్య పోవుచున్నదో చూచి, దాని ప్రక్కన వ్రాయవలెను. బుట్టలో వేసినప్పుడును, కొనినప్పుడును అట్లే చేయవలెను. చూచినప్పుడు సరిగానుండి కొనినప్పుడు తప్పుట కలదు. అక్షరమక్షరమును పోల్చినచో భేదము బయటపడును. మెటావారి కామర్స్ మేనేజరులో ఎన్ని సమాచారములు పట్టికతో పొసగినవో నూటికింతయని చూపబడును; దానిని వారమున కొకమారైన చూచుట మేలు.

దిద్దుటలో ఒక జాగ్రత్త కావలెను. పట్టికలోని సంఖ్యలను తొందరపడి మార్చరాదు. సంఖ్య మాఱినచో యంత్రము దానిని కొత్త వస్తువుగా నెంచును, పాతచరిత్ర తెగిపోవును. వీలైనంతవఱకు పిక్సెల్ పంపు సంఖ్యనే పట్టికకు అనుగుణముగా మార్చవలెను. దిద్దుబాటు అటుపై వచ్చు సమాచారమునకే వర్తించును. గడచినది తనంతట సరిపడదు. కావున కొన్నాళ్లు వేచి ఫలమును పరీక్షింపవలెను.

లెక్క తగ్గిన ప్రతిసారియు కారణము సంఖ్యలే యనరాదు. 2021వ సంవత్సరము ఏప్రిల్ నుండి ఆపిల్ ఫోనులలో అప్లికేషన్లు వాడువారి అనుమతి లేక వారి జాడను ఇతరస్థలములలో అనుసరింపరాదను నియమము వచ్చినది. అనుమతి నిరాకరించినవారి కొనుగోళ్లలో కొన్ని లెక్కకు రావు. ఇది దోషము కాదు, వారి హక్కు. సంఖ్య పొసగనిది వేఱు, సమాచారమే రానిది వేఱు. మొదటిది మనము దిద్దదగినది; రెండవది మనము గౌరవింపదగినది.

పెద్దలకు నా మనవి యిది. ప్రకటనల బాధ్యుడు మరికొంత సొమ్ము పెట్టుమని కోరినప్పుడు, "ఒక చీర సంఖ్యను పట్టికలోను, పిక్సెల్‌లోను నాకు చూపుము" అని అడుగుడు. ఈ ప్రశ్నకు ఇంగ్లీషు చదువక్కఱలేదు, రెండు సంఖ్యలను పోల్చు ఓపిక చాలును. అవి పొసగిన పిమ్మటనే సరకు మంచిచెడ్డల విచారణ న్యాయమగును. అంతవఱకు నేతగానిపై నింద మోపకుందురు గాక!