కోషర్ హోటలూ, వాడకట్టు మనుషులూ

తిండికి మతముంది, కులముంది. ఈ సంగతి మనకెవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. పల్లెలో రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్లం, పట్నంలో ‘శాకాహారులకే ఇల్లు అద్దెకు’ అనే బోర్డులు చదివినవాళ్లం. అయితే తిండికి కట్టుబాట్లున్న ప్రతిచోటా వెలి ఉన్నట్టేనా? ఒక సమూహం తన తిండిని తన పద్ధతిలో వండుకునే హక్కు ఎక్కడిదాకా ఉంటుంది? పక్కింటివాడి గౌరవం ఎక్కడ మొదలవుతుంది? న్యూయార్క్ నగరంలో యూదులూ నల్లవాళ్లూ పక్కపక్కనే బతికే పేటల్లోని కోషర్ హోటళ్లను తీసుకుని ఈ ప్రశ్నలను చర్చిస్తాం.

కోషర్ అంటే

కోషర్ అంటే యూదుల ధర్మశాస్త్రం ప్రకారం తినదగినది. పంది నిషిద్ధం. డెక్కలు చీలి, నెమరు వేసే పశువు మాంసం తినొచ్చు. అంటే ఆవు, ఎద్దు, మేక, గొర్రె అన్నీ తినొచ్చు. చేపకు రెక్కలూ పొలుసులూ ఉండాలి. రొయ్యలు, పీతలు పనికిరావు. పశువును శిక్షణ పొందినవాడే కోయాలి. మాంసాన్నీ పాలనూ కలపకూడదు. అందుకే కోషర్ హోటల్ అయితే మాంసం హోటలన్నా అవుతుంది, లేదంటే పాల వంటకాల హోటలన్నా అవుతుంది. వంటగదిలో ఇదంతా సక్రమంగా జరుగుతోందా లేదా అని చూడటానికి ఒక పర్యవేక్షకుడుంటాడు. శుక్రవారం పొద్దుగుంకడం మొదలు శనివారం రాత్రి దాకా హోటల్ మూసి ఉంటుంది.

మనవాళ్లు చాలామంది ఇది విని, ‘ఇదీ మడి ఆచారమే గదా’ అంటారు. తొందరపడి అలా అనేయకూడదని మా అభిప్రాయం. యూదుడు కానివాడు వచ్చి కూర్చున్నా, ఆ కంచంలో తిన్నా, కంచం మైలపడదు. పుట్టుకతోనే మైల అని ఏ సమూహానికీ ముద్ర వేయలేదు. కట్టుబాటు దాన్ని పాటించేవాడి మీదే తప్ప, పక్కవాడి మీద కాదు.

కానీ రెండు చోట్ల గీత ఉంది. ఒకటి వంట. కొన్ని రకాల వంటల్లో యూదుడి చెయ్యి ఉండాలి. యూరప్ యూదుల ఆచారంలో యూదుడు పొయ్యి వెలిగిస్తే చాలు, తర్వాత ఎవరు వండినా ఫర్వాలేదు. రెండోది ద్రాక్షసారా. యూదుడు కానివాడు ముట్టినా, వంచినా ఆ సారా యూదుడికి పనికిరాదు. దీనికి మూలం ఇతర మతాల పూజల్లో సారా ధార పోయడం పట్ల పాతకాలపు భయం. అయితే ముందే వేడిచేసిన సారాకు ఈ నియమం లేదు. చాలా హోటళ్లు అలాంటి సారానే వాడతాయి గనుక ఏ జాతి మనిషైనా వడ్డించొచ్చు. అంటే శాస్త్రం లోపలి నుంచే దారి వెతికారు. మనసుంటే ఆచారంలో కూడా దారి దొరుకుతుందనడానికి ఇది రుజువు.

ఎవరికేం కావాలి

వాడకట్టు మనుషులంటే ఒకే రకం వాళ్లు కాదు. ముందు యూదుల సంగతే చూద్దాం. వాళ్లకు కావలసింది నమ్మకం, అందుబాటు ధర. ప్రత్యేకంగా కోయడం, పర్యవేక్షకుడి జీతం, ఇవన్నీ కలిసి కోషర్ తిండి ఖరీదు పెంచుతాయి. 1902 మేలో న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో కోషర్ మాంసం పౌను 12 సెంట్ల నుంచి 18 సెంట్లకు ఎగబాకింది. బీద యూదు ఆడవాళ్లు వీధుల్లోకొచ్చారు. మాంసం కొట్లను బహిష్కరించారు, పోలీసు దెబ్బలు తిన్నారు, అరెస్టయ్యారు. జూన్‌కల్లా ధర 14 సెంట్లకు దిగింది. మతం ఒక్కటే అయినంత మాత్రాన కొట్టువాడూ కొనేవాడూ ఒక్కటి కారని ఆ ఆడవాళ్లు చూపించారు.

తర్వాత నల్లవాళ్లు. బ్రూక్లిన్‌లోని క్రౌన్ హైట్స్ పేటలో లుబావిచ్ శాఖ యూదుల ప్రధాన కేంద్రముంది. చుట్టూ కరీబియన్ దీవుల నుంచి వచ్చిన నల్లజాతి కుటుంబాలు. 1991 ఆగస్టు 19న లుబావిచ్ గురువు వెంట వెళ్తున్న వాహనాల్లో ఒకటి ఢీకొని గావిన్ కేటో అనే ఏడేళ్ల నల్లపిల్లవాడు చనిపోయాడు. కొద్ది గంటలకే యాంకెల్ రోజెన్‌బామ్ అనే యూదు విద్యార్థిని కత్తితో పొడిచి చంపారు. మూడు రోజులు పేట అట్టుడికింది. పోలీసులూ నగరపాలకులూ యూదుల పక్షమని నల్లవాళ్ల ఫిర్యాదు. తమను కాపాడలేదని యూదుల ఫిర్యాదు. ఇలాంటి చోట హోటల్ తలుపు తెరిచే ఉందా, మూసుందా అన్నది చిన్న ప్రశ్న కాదు.

2010లో ఇదే పేటలో కింగ్‌స్టన్ అవెన్యూ మీద ‘బాసిల్’ అనే కోషర్ హోటల్ తెరిచారు. యూదులనూ నల్లవాళ్లనూ కొత్తగా వచ్చి చేరుతున్న తెల్ల యువకులనూ పక్కపక్క బల్లల దగ్గర కూర్చోబెట్టాలన్నది దాని ఉద్దేశం.

ఇలాంటి హోటల్ నుంచి పక్కింటి నల్లమనిషి కోరేదేమిటి? పంది మాంసం వండమనో, శనివారం తెరవమనో కాదు. లోపలికి వస్తే ఎగాదిగా చూడొద్దు. మా పిల్లలకు పని ఇవ్వండి. గిన్నెలు తోమే పనే కాదు, వడ్డించే పని, లెక్కలు చూసే పని కూడా ఇవ్వండి. హోటళ్లొచ్చి వీధి సోకు పెరిగి, ఇంటి అద్దెలు పెరిగి, మేం పేట విడిచిపోయే గతి పట్టించొద్దు. ఈ చివరిది ఒక్క హోటల్ చేతిలో లేదు. అందుకే 2013లో క్రౌన్ హైట్స్ అద్దెదారులు సంఘం పెట్టుకున్నారు.

మూడోవాళ్లు పనివాళ్లు. 2008 మేలో అయోవా రాష్ట్రం పోస్ట్‌విల్ ఊళ్లోని పెద్ద కోషర్ మాంసం కర్మాగారం మీద అధికారులు దాడి చేసి 389 మంది వలస కార్మికులను పట్టుకుపోయారు. మాంసం శుద్ధంగా ఉంటే చాలా, కోసే మనిషి బతుకు ఎలా ఉన్నా ఫర్వాలేదా అని యూదుల్లోనే ప్రశ్న పుట్టింది. 2009లో ‘ఊరి ల్ట్సెడెక్’ అనే యూదు సంస్థ కోషర్ హోటళ్లకు ఒక కొత్త ముద్ర తెచ్చింది. న్యాయమైన కూలి, న్యాయమైన పనివేళలు, ప్రమాదం లేని పనిచోటు ఉంటేనే ఆ ముద్ర ఇస్తారు. శుద్ధికి అర్థాన్నే మార్చే ప్రయత్నమిది.

చట్టం గీసిన గీత

అమెరికాలో 1964 పౌరహక్కుల చట్టం హోటళ్లలో జాతి, రంగు, మతం, పుట్టిన దేశం పేరున వివక్షను నిషేధించింది. దాని వెనక 1960 ఫిబ్రవరిలో గ్రీన్స్‌బరోలో తెల్లవాళ్ల బల్ల దగ్గర కూర్చుని లేవనన్న నలుగురు నల్ల విద్యార్థుల తెగువ ఉంది. బ్రూక్లిన్‌లోనే విలియమ్స్‌బర్గ్ పేటలో ఏడు యూదు దుకాణాలు చేతుల్లేని బట్టలతో లోపలికి రావద్దని బోర్డులు పెడితే, ఆడవాళ్లపై వివక్ష అని నగర మానవహక్కుల కమిషన్ కేసు పెట్టింది. ఆడ, మగ తేడా చూపబోమని దుకాణాలు ఒప్పుకోవడంతో 2014లో రాజీ కుదిరింది. ఏం వండాలన్నది నీ ఇష్టం, ఎవరు రావాలన్నది నీ ఇష్టం కాదు. చట్టం చెప్పేది ఇంతే.

మన రాజ్యాంగం 15(2) అధికరణం కూడా దుకాణాలు, హోటళ్ల విషయంలో ఈ మాటే చెప్పింది. చెప్పి డెబ్బై ఏళ్లు దాటింది. గ్లాసులు మాత్రం చాలా ఊళ్లలో ఒకటి కాలేదు.

మనకేం పట్టింది

పట్టింది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో ‘బెనే ఎఫ్రాయిం’ పేరుతో తమను యూదులుగా చెప్పుకునే కుటుంబాలున్నాయి. వాళ్లు మాదిగలు. ఏ పశుమాంసం తింటారని ఊరు వాళ్లను దూరం పెట్టిందో, ఆ మాంసాన్నే తమ పాత యూదు సంప్రదాయానికి గుర్తుగా వాళ్లు చూపుతారు. అంటరానితనం మూలాన్ని గొడ్డు మాంసం తినడంలో వెతికిన అంబేద్కర్ 1948 నాటి పుస్తకాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఒకచోట కంచం వెలికి కారణమైతే, ఇంకోచోట అదే కంచం ఆత్మగౌరవానికి ఆధారం.

కాబట్టి తిండి కట్టుబాటును చూసినప్పుడల్లా మూడు ప్రశ్నలడగాలి. ఈ నియమం ఎవరిని కట్టడి చేస్తోంది, పాటించేవాణ్నా, పక్కవాణ్నా? ఎవరి చెయ్యి తగిలితే చెడిపోతుందంటోంది? వండి, కడిగి, మోసే మనిషికి కూలీ మర్యాదా దక్కుతున్నాయా? కోషర్ హోటల్ వీటిలో కొన్నిటికి మంచి జవాబే చెప్తుంది, కొన్నిటికి తడబడుతుంది. మన ‘శుద్ధ శాకాహార’ బోర్డుల ముందు కూడా నిలబడి ఈ మూడూ అడుగుదాం. అక్కడ వచ్చే జవాబు తిండి గురించి కాదు, కులం గురించే ఉంటుంది.