మిగిలింది ఓటమి ఒక్కటే

2012 అక్టోబరు 13. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, నోటర్‌డామ్ విశ్వవిద్యాలయపు క్రీడారంగంలో వర్షం కురుస్తోంది. నిర్ణీత కాలం ముగిసేసరికి రెండు జట్లూ 13-13తో సమానంగా నిలిచాయి. అదనపు ఆటలో నోటర్‌డామ్ ముందంజ వేసింది. ప్రత్యర్థి స్టాన్‌ఫర్డ్ జట్టు గమ్యరేఖకు గజం దూరం వరకు చొచ్చుకొని వచ్చింది. ఇక మిగిలింది ఒకే ఒక్క ప్రయత్నం. బంతిని పొదివి పట్టుకొని దూకిన ఆటగాణ్ణి నోటర్‌డామ్ రక్షకులు గోడవలె అడ్డుకున్నారు. 20-13. ప్రేక్షకుల హర్షధ్వానాలు మిన్నుముట్టాయి.

కాని నేడు నోటర్‌డామ్ అధికారిక పట్టికలో ఆ విజయం లెక్కకు రాదు.

అమెరికన్లు ఫుట్‌బాల్ అని పిలిచేది మనమెరిగిన కాలిబంతి ఆట కాదు. కోలగా ఉండే బంతిని చేతబట్టి, ఎదుటివారిని ఛేదించుకొని గమ్యరేఖ దాటించడమే అందులో లక్ష్యం. 1988 తరువాత జాతీయ విజేత కాలేకపోయిన నోటర్‌డామ్, 2012లో వరుసగా పన్నెండు పోటీలు గెలిచింది. 2013 జనవరి 7న జరిగిన తుది పోరాటంలో మాత్రం అలబామా చేతిలో 42-14తో చిత్తుగా ఓడింది.

అసలు దెబ్బ ఆ తరువాత తగిలింది. జట్టు ఆటగాళ్ల శారీరక సంరక్షణలో సహాయపడే ఉద్యోగం చేస్తున్న ఒక విద్యార్థి, ఇద్దరు ఆటగాళ్ల చదువు పనిని తానే చేసిపెట్టినట్లు, మరో ఆరుగురికి నిబంధనలు అనుమతించని సహాయం అందించినట్లు 2014లో బయటపడింది. విశ్వవిద్యాలయం తానే విచారణ జరిపి, మార్కులను తిరిగి లెక్కకట్టింది. దానితో కొందరు ఆటగాళ్లు వెనుకటి తేదీ నుంచే అనర్హులయ్యారు. అనర్హులు ఆడిన విజయాలు చెల్లవని కళాశాలల క్రీడలను పాలించే జాతీయ సంఘం 2016 నవంబరులో తీర్పు చెప్పింది. 2012లోని పన్నెండు, 2013లోని తొమ్మిది, మొత్తం 21 విజయాలు రద్దయ్యాయి.

ఈ శిక్షలో ఒక వింత ఉంది. రద్దయిన విజయం ఎదుటి జట్టుకు సంక్రమించదు. ఓడిన స్టాన్‌ఫర్డ్ ఓడినట్లే. గెలిచిన నోటర్‌డామ్ మాత్రం గెలవనట్లు! అయితే ఓటములు రద్దు కావు. అందుచేత 2012 పట్టికలో నోటర్‌డామ్‌కు విజయాలు సున్న, ఓటమి ఒకటి.

అధ్యక్షుడు జాన్ జెంకిన్స్ ఈ తీర్పును తీవ్రంగా ఖండించారు. తప్పు చేసిన వారిని బహిష్కరించి ఊరుకుంటే విజయాలు నిలిచేవి. మార్కులు సరిదిద్ది, చదువు కొనసాగించే అవకాశమిచ్చినందుకే ఈ శిక్ష పడిందని ఆయన వాదం. తోడ్పడిన విద్యార్థి విశ్వవిద్యాలయపు ఉద్యోగి కనుక సంస్థకు బాధ్యత తప్పదని సంఘం వాదం. 2018 ఫిబ్రవరిలో అప్పీలు వీగిపోయింది.

రెండు వాదాలలోనూ బలం లేకపోలేదు. అర్హత లేనివారితో సాధించిన గెలుపును అలాగే ఉంచితే, నియమం పాటించి ఓడినవారికి ఏమి సమాధానం చెప్పాలి? తుడిచివేస్తే, సొంతంగా చదువుకొని, చెమటోడ్చి ఆడిన తక్కిన ఆటగాళ్లకు ఏమి సమాధానం చెప్పాలి?

ఆ వానలో గమ్యరేఖ ముందు గోడకట్టి నిలిచినవారిని వేలాదిమంది కళ్లారా చూశారు. పట్టికలో మాత్రం ఆ సంవత్సరానికి మిగిలింది అలబామా చేతిలో పొందిన పరాజయమే.